చంద్రుడి మీదికి ట్రాక్టర్ పాట

2023లో, బతుకమ్మ పండగకు కొన్నాళ్ళ ముందు సంగతి ఇది. నారాయణఖేడ్ బస్టాండు నుంచి కొంచెం లోపలికి వస్తే ఎరువుల దుకాణం మీద రెండు గదులుంటాయి. అవే నా స్టూడియో. గోడలకు నల్ల స్పాంజి, ఒక కీబోర్డు, ఒక కంప్యూటరు, ఒక మంచి మైకు, ఒక మామూలు మైకు. మంచి మైకు పాడగలిగినవాళ్ళకు, మామూలుది మేమే పాడతామని పట్టుబట్టేవాళ్ళకు. అంతకు ముందు ఒక ప్రైవేటు బడిలో మ్యూజిక్ టీచరుగా ఉండేదాన్ని. ఏడాది పొడవునా పిల్లల చేత ఒకే ప్రార్థన పాడించలేక ఆ ఉద్యోగం మానేసి ఇది పెట్టుకున్నాను.

నా దగ్గరకు వచ్చే పని ఏమిటో ముందే చెబుతాను. పెళ్ళి బరాత్ పాటలు, బతుకమ్మ పాటలు, బోరంచ నల్లపోచమ్మ మీద పాటలు, ఎన్నికలొస్తే అన్ని పార్టీల పాటలు. ఒకే ట్యూను ఇద్దరు అభ్యర్థులకు అమ్మను, ఆ మాత్రం నీతి ఉంది. వీటన్నిటిలోనూ ఎక్కువ అడిగేది మోత. "అక్కా, డబ్బాలు పగలాలె" అంటారు వచ్చినవాళ్ళు. సరేనని సౌండు డబ్బాలు పగలగొడుతుంటాను. సినిమాకు సంగీతం చేస్తానని నేను కలలో కూడా అనుకోలేదు, అందులోనూ సైన్స్ ఫిక్షన్ సినిమాకు.

ఆ సినిమా తెచ్చినవాడు ప్రవీణ్. కంగ్టి కుర్రాడు. హైదరాబాదులో కొంతకాలం సినిమాల్లో అసిస్టెంటుగా తిరిగి, అక్కడ ఎవరూ అవకాశం ఇవ్వకపోతే తానే తీసుకున్నాడు. హార్డ్ డిస్కు బల్ల మీద పెట్టి, "అక్కా, సినిమా తీసిన. చంద్రుని మీద" అన్నాడు.

"చంద్రుని మీదికి ఎవలు పోయిన్రు?" అన్నాను.

"మన కంగ్టోళ్ళే."

నవ్వు ఆపుకుని కూర్చోమన్నాను. అది సరదాకు తీసింది కాదని, ఒక కథను సినిమాగా మలిచాడని అప్పుడు చెప్పాడు. కథ పేరు 'ఆర్నెల్ల చంద్రుడు'. రాసినామె అనసూయ, నాగల్‌గిద్ద మండలంలో ఒక చిన్న బడిలో టీచరు. మా వైపు సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. కంగ్టి, నాగల్‌గిద్ద మండలాల్లో భూమి వానను నమ్ముకున్నది. పెసలు, మినుములు ఇంటికొచ్చి దీపావళి అయిపోగానే చాలామంది చెరుకు నరకడానికి వెళ్తారు. కూలీలను కుదిర్చే మేస్త్రి ట్రాక్టర్లు తెచ్చి మొగుడూపెళ్ళాలను జంటలుగా ఎక్కించుకుని కర్ణాటకకో మహారాష్ట్రకో తీసుకుపోతాడు. మళ్ళీ రావడం ఉగాదికే. పిల్లల్ని ముసలివాళ్ళ దగ్గర వదిలి వెళ్తారు.

అనసూయ కథలో కాలం ముందుకు జరిగింది, మేస్త్రి మాత్రం మారలేదు. ఇప్పుడు ఆర్నెల్లు చెరుక్కు తీసుకుపోయినట్టే అప్పుడు ఆర్నెల్లు చంద్రుడి మీద మట్టి తవ్వడానికి తీసుకుపోతాడు. నీలవ్వ అనే ఆమె కూతుర్ని పెద్దమ్మ దగ్గర వదిలి ఓడ ఎక్కుతుంది. పైన మట్టి తవ్వుతుంది, వారానికొకసారి కూతురి మాట వింటుంది, ఆర్నెల్లకు తిరిగొస్తుంది. అంతే కథ. గ్రహాంతరవాసులు లేరు, యుద్ధాలు లేవు.

ప్రవీణ్ ఓడను ట్రాక్టర్ ట్రాలీకి రేకులు కొట్టి, వెండి రంగు పూసి తయారు చేశాడు. అది పైకి లేవడం మాత్రం హైదరాబాదులో ఉన్న అతని స్నేహితుడు కంప్యూటర్లో చేసిచ్చాడు. నాగల్‌గిద్ద దగ్గర కంది కోసేసిన చేనులోంచి దుమ్ము లేపుకుంటూ ఆ రేకుల ఓడ ఆకాశంలోకి పోతుంటే, నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు జలదరించింది.

రెండోసారి వచ్చినప్పుడు ప్రవీణ్ వెంట అనసూయ కూడా వచ్చింది. కాటన్ చీర, భుజానికి బడి సంచి, మొహంలో నవ్వు లేదు. కుర్చీ అంచున కూర్చుని తన తల్లి సంగతి చెప్పింది.

"నీలవ్వ అంటే మా అవ్వనే, అక్కా. నా చిన్నప్పటి సంది ఏటేటా చెరుక్కు పోయింది. ఆమె పోయినకాడల్లా జనం ఆమెను చూసి నవ్విన్రు. ఆమె బట్ట, ఆమె భాష, ఆమె సద్దిమూట. నేను గా కథ రాసింది ఇంకోసారి నవ్వనీకి కాదు. సినిమా ముందుగాల మనూరోళ్ళకే చూపియ్యాలె. ఆళ్ళు మా అవ్వను చూసి నవ్విన్రనుకో, నా కథ నాకు వాపస్ ఇయ్యాలె. సినిమా బయటికి పోవద్దు. ప్రవీణ్‌కు గీ మాట మొదలే చెప్పిన."

ప్రవీణ్ తలూపాడు. ఆ షరతుకు ఒప్పుకునే అతను కథ తీసుకున్నాడు. రెండేళ్ళ కష్టం ఒక మధ్యాహ్నం జనం నవ్వుతారా లేదా అన్నదాని మీద నిలబడి ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఎంత ధైర్యం నాయనా అనుకున్నాను.

ఇక పని. సినిమాకు సంగీతం చేసేటప్పుడు మొదట జరిగేది స్పాటింగ్. అంటే దర్శకుడూ సంగీతం చేసేవాళ్ళూ పక్కపక్కన కూర్చుని సినిమా చూస్తూ, ఇక్కడ సంగీతం మొదలవ్వాలి, ఇక్కడ ఆగాలి అని గుర్తులు పెట్టుకోవడం. ప్రవీణ్ వచ్చేసరికే సినిమాలో టెంప్ ట్రాక్ ఉంది. ఎడిటింగ్ చేసేటప్పుడు వెలితిగా ఉండకుండా ఎక్కడిదో సంగీతం తాత్కాలికంగా పెట్టుకుంటారు, దాన్నే అలా అంటారు. తర్వాత దాన్ని తీసేసి కొత్తది చేయాలి. కానీ నెలల తరబడి అదే వింటూ ఉన్న దర్శకుడికి ఇంకేదీ చెవికెక్కదు. ఇది దర్శకులందరికీ ఉండే జబ్బు.

ఓడ లేచే చోట ప్రవీణ్ పెట్టుకున్నది విదేశీ బృందగానం. వందమంది గొంతెత్తి 'ఆ' అంటుంటే కింద పెద్ద పెద్ద డ్రమ్ములు. "గిట్లనే గావాలె అక్కా. చంద్రుని మీదికి పోతుంటే గింత పెద్దగ ఉండాలె" అన్నాడు. నేనూ ఎగిరి గంతేశాను. ఇన్నేళ్ళూ పెళ్ళికొడుకు గుర్రం ముందు మోగే పాటలు చేసినదాన్ని, ఇప్పుడు ఆకాశానికి చేయమంటున్నారు. ఎవరైనా వదులుకుంటారా?

మా వీధి భజన బృందంలోంచి నలుగురు ఆడవాళ్ళను పిలిచి 'ఓ' అని, 'ఆ' అని పాడించాను. కంప్యూటర్లో వాళ్ళనే పదిసార్లు పేర్చి పెద్ద గుంపును చేశాను. వాళ్ళలో ఒకామె ఇంటికి పోతూ, "గిదేం దేవుని పాట రాధమ్మా, దేవుని పేరే లేదు" అంది. విని నవ్వుకున్నాను తప్ప ఆమె మాట పట్టించుకోలేదు.

బతుకమ్మకు ముందే ఊళ్ళో ఒక ఫంక్షన్ హాలు మధ్యాహ్నం పూట అడిగి తీసుకున్నాం. కిటికీలకు షామియానా బట్టలు కట్టాం. నాగల్‌గిద్ద నుంచి, కంగ్టి నుంచి జనం ఆటోల్లో వచ్చారు. ఖేడ్‌లో దుకాణాలవాళ్ళూ కొందరు వచ్చారు. అనసూయ తన తల్లితో రెండో వరసలో కూర్చుంది. తల్లి పేరు శరణమ్మ. సన్నటి మనిషి. మోచేతుల దాకా చెరుకాకు కోసిన సన్నని గీతలు ఇంకా కనబడతాయి. సినిమా మొదలయ్యేదాకా తల దించుకుని, పక్కనున్న ఆమెతో కన్నడం కలిసిన తెలుగులో మెల్లగా ఏదో మాట్లాడుతూ ఉంది.

మొదట్లో అంతా బాగానే నడిచింది. నీలవ్వ జొన్నపిండి సంచి నెత్తిన పెట్టుకుని, రొట్టెలు కాల్చే పెంక చేత పట్టుకుని, ఓడ మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. సరిగ్గా అక్కడే మా భజన బృందం గొంతెత్తింది. డ్రమ్ములు దడదడలాడాయి. వెనక నుంచి ఎవరో, "జొన్నపిండి సంచికి గింత బాజానా!" అని అరిచారు. హాలంతా గొల్లుమంది. నీలవ్వ మెట్టు మీద కాలు జారి పెంక సర్దుకుంటే ఇంకా నవ్వారు. సంగీతం పెరిగినకొద్దీ నవ్వూ పెరిగింది. సౌండు డబ్బా పక్కన నిలబడి నేను చేసిన ప్రతి స్వరానికీ జనం నవ్వుతుంటే వింటూ ఉన్నాను. అంత అవమానం నాకు ఎప్పుడూ జరగలేదు.

నాకంటే పెద్ద దెబ్బ తగిలింది అనసూయకు. శరణమ్మ అటూ ఇటూ చూసి, అందరూ నవ్వుతున్నారు కదా అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తానూ నవ్వింది. అనసూయ అది చూసింది. వెంటనే లేచి తల్లి చేయి పట్టుకుని బయటికి తీసుకుపోయింది.

నేనూ ప్రవీణూ వెనకే పరిగెత్తాం. తల్లిని ఆటోలో కూర్చోబెట్టి అనసూయ మా దగ్గరకు వచ్చింది. "అవ్వ గూడ నవ్వింది, చూసినవా అక్కా? అందరు నవ్వుతున్నరని నవ్వింది. తనను చూసే నవ్వుతున్నరని ఆమెకు ఎర్క లేదు" అంది.  ప్రవీణ్ వైపు తిరిగి, "నా కథ నాకు ఇచ్చెయ్ తమ్మీ" అంది. అతను హాలు మెట్ల మీద కూలబడ్డాడు.

నా నోరు ఊరుకోదు. "టీచరమ్మా, గా నవ్వు నీ కథకు రాలే, పిల్లగాని సినిమాకు రాలే. నా బాజాకు వచ్చింది. ఒక్కసారి మార్చి చూపిస్త. గప్పుడు గూడ నవ్వితే నేనే నీకు వాపస్ ఇప్పిస్త" అన్నాను.  ఆమె, "మళ్ళ గీ హాల్లనే, గీ మందికే చూపియ్యాలె" అని ఆటో ఎక్కింది.

ఇంటికొచ్చి ఆలోచిస్తే తప్పు ఎక్కడ జరిగిందో కొంత తెలిసింది. తెర మీద జొన్నపిండి సంచి. చెవిలో మహాద్భుతం. రెండూ పొసగలేదు. మరి పెద్ద సంగీతం కాకపోతే చిన్న సంగీతం పెట్టాలి, గొప్పతనం కాకపోతే దుఃఖం పెట్టాలి అనుకున్నాను. పిల్లనగ్రోవి ఒకటి, కింద ఒక ఆడగొంతు కూనిరాగం. చేసి నేనే కళ్ళు తుడుచుకున్నాను. ప్రవీణ్ కూడా ముక్కు చీదాడు. గెలిచామనుకుని ఒక ఆదివారం అనసూయను పిలిపించాం.

ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొత్తం విని తీసేసింది. "మా అవ్వ ఏడ్వలే అక్కా. ట్రాక్టర్ ఎక్కేటప్పుడు ఒక్కనాడు గూడ ఏడ్వలే. గీ పిల్లనగ్రోవి ఎవల్ది? ఆడ ఎవలు ఊదుతున్నరు?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అంటే ఎవలో ఒకలు ఆడ నిలవడి ఊదుతరా టీచరమ్మా? చూసెటోళ్ళకు కష్టం తెల్వనీకి పెడ్తం."

"కష్టం తెల్వాలె. గని జాలి పడుమని చెయ్యి జాపినట్టు ఉండొద్దు" అంది.

 "మీ అవ్వ ఏడ్వలే సరే. నువ్వేం చేసేదానివి గప్పుడు?" అని అడిగాను. "నేనా? నిలవడి చూసేది" అని బడి సంచి సర్దుకుని, బస్సు టైమైందని వెళ్ళిపోయింది.

దీపావళి తర్వాత నాకు ఇంకో పని పడింది. ఓడ ఎక్కే సీనులో వెనకాల జనం గోల సరిపోవడం లేదు. దీన్ని మా పనిలో ఆంబియెన్స్ అంటాం. సంతలో సంత గోల, బడిలో పిల్లల గోల, చేనులో గాలి, పిట్టలు. ఇది లేకపోతే మాటలు గాజు డబ్బాలో మాట్లాడినట్టుంటాయి. చెరుకు బళ్ళు బయలుదేరే రోజులే కదా అని ప్రవీణ్ బండి మీద కంగ్టి దగ్గరి ఒక ఊరికి, పొద్దున్నే రికార్డర్ తీసుకుని వెళ్ళాను.

ఊరి బయట రెండు ట్రాలీలు తగిలించిన ట్రాక్టరు ఆగి ఉంది. పరుపులు, వంట గిన్నెలు, రెండు మేకలు, కొడవళ్ళ మూట, వాటి మధ్యే మనుషులు. మేస్త్రి తుకారాం పేర్లు పిలుస్తూ జనాన్ని తోలుతున్నాడు. ట్రాక్టర్ మీద కట్టిన డబ్బాల్లోంచి పాట చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. విని నాకు నవ్వొచ్చింది. 'కంది చేను గట్టు మీద కన్ను గొట్టినోడా' అని, ఏడాది కింద ఎవరిదో పెళ్ళి బరాత్‌కు నేను చేసిన పాట అది. పాట ఇంత దూరం వచ్చినందుకు ఒక పక్క గర్వం, నా రికార్డింగ్ పాడు చేస్తున్నందుకు ఒక పక్క విసుగు. హెడ్‌ఫోన్లలో ఆ పాట తప్ప ఇంకేమీ వినబడటం లేదు.

తుకారాం దగ్గరకు పోయి, "అన్నా, జర పాట బంద్ చేయించు. జనం మాటలు రికార్డు చేసుకుంట" అన్నాను.

"బంద్ చెయ్యొద్దమ్మా" అన్నాడు, నా మొహం కూడా చూడకుండా.

"రెండు నిమిషాలే అన్నా."

ఆ పాట చేసింది ఈ అక్కేనని చెప్పి ప్రవీణ్ కూడా బతిమాలాడు. అతని తండ్రి తుకారాంకు ఎరుకట, ఆ మొహమాటానికి డ్రైవరుకు సైగ చేశాడు. పాట ఆగింది.

నేను చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకు ఎత్తి పట్టుకున్నాను. ముందు ఇంజను చప్పుడు వినిపించింది. తర్వాత గిన్నెలు. ఎవరో ముసలాయన దగ్గు. ఆ తర్వాత, ఒక గోడ వెనక నుంచి, ఒక పిల్ల ఏడుపు. అది అప్పుడే మొదలైన ఏడుపు కాదు. ఎంతో సేపటి నుంచి ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళ దాకా వచ్చిన ఏడుపు. ఇంకో ఇంట్లోంచి ఇంకొకటి. ఇన్ని ఏడుపులు ఇంతసేపూ ఇక్కడే ఉన్నాయి. ట్రాలీలో ఆడవాళ్ళ మాటలు ఆగిపోయాయి. ఒకామె మెడ తిప్పి గోడ వైపు చూసింది. లేచి ట్రాలీ పలక దాటి ఒక కాలు కిందికి చాపింది.

"పాట పెట్టు! జల్దీ పెట్టు!" అని తుకారాం కేక వేశాడు. కన్ను గొట్టినోడు మళ్ళీ మొదలయ్యాడు, ముందుకంటే గట్టిగా. ఆ ఆడమనిషి కాలు గాలిలోనే కాసేపు ఉంది. పక్కామె భుజం పట్టి లాగితే మళ్ళీ కూర్చుంది. బండి కదిలింది.

తుకారాం ఇంజను పక్కన ఎక్కుతూ నా వైపు చూశాడు. కోపంగా కాదు, విసుగ్గా. "గా పాట నీదేనట గదా. ఎందుకు పెడ్తమో నీకే తెల్వకపోతె ఎట్లమ్మా? పాట బంద్ అయితే బండి కదలదు" అన్నాడు.

బండి పోయాక కూడా నేను హెడ్‌ఫోన్లు తీయలేదు. పాట దూరమవుతూ ముందు డప్పు పోయింది, తర్వాత మాటలు పోయాయి, చివరకు సన్నగా ఒక కీచు మాత్రం మిగిలింది. అదీ పోయాక మిగిలింది ఆ పిల్ల ఎక్కిళ్ళే. ఏడ్చింది ఎవరి పిల్లో నేను చూడలేదు. గోడ అవతలికి పోయి చూసే ధైర్యం నాకు లేకపోయింది. పెద్ద పాపం చేసినట్టు అనిపించి ప్రవీణ్ మోటారుసైకిలు ఎక్కాను.

దారిలో ప్రవీణ్‌తో అన్నాను, మన సినిమాకు సంగీతం దొరికిందని. ఏది అంటే ఆ పాటే అన్నాను. అతను బండి పక్కకు ఆపేశాడు.

"అక్కా, రెండేండ్లు సచ్చి తీసిన సినిమాకు బరాత్ పాట పెడ్తవా? పెద్ద పాటకే నవ్విన్రు. గీ పాటకు కుర్సీలెక్కి ఆడ్తరు. చంద్రుని మీదికి పోతుంటే డీజే పాటనా?"

"చంద్రుని మీదికి తీస్కపొయ్యేది ఎవలు?"

"మేస్త్రి."

"మేస్త్రి ఏం పాట పెడ్తడు?"

బండి మళ్ళీ స్టార్టు చేశాడు. తర్వాత, "మళ్ళ నవ్వితే?" అన్నాడు.

"నవ్వితే నా కీబోర్డు తీస్కపో" అన్నాను. 

పాఠకులకు ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. సినిమాలో సంగీతం రెండు రకాలు. ఒకటి చూసేవాళ్ళకు మాత్రమే వినిపించేది. రెండోది తెర మీద ఉన్న మనుషులకు కూడా వినిపించేది, ఆ సీనులోనే ఎక్కడో మోగుతున్నది. టీ కొట్టు రేడియోలాగా. దీన్ని సోర్స్ మ్యూజిక్ అంటారు. 'ఆడ ఎవలు ఊదుతున్నరు' అని అనసూయ అడిగింది దీన్నే. అది తెలివితక్కువ ప్రశ్న అనుకున్నాను నేను. ఓడ మనకు వింత, నీలవ్వకు వింత కాదు. ఆమెకు అది ఏటా ఎక్కే బండి. సంగీతం వింత వింత అని అరుస్తుంటే మనం ఆమెకు దూరంగా నిలబడి చూస్తాం. దూరంగా నిలబడి చూసినప్పుడే నవ్వొస్తుంది.

పాటను ఉన్నదున్నట్టు పెట్టలేదు. స్టూడియోలో విన్నట్టు శుభ్రంగా ఉంటే అది బండి మీద పాటలా ఉండదు. తెలిసిన రైతు ట్రాక్టరు అడిగి, దాని డబ్బాల్లో పాట వాయించి, చేనులో నిలబడి దూరం నుంచి మళ్ళీ మైకుతో పట్టాను. రేకుల కీచు, గాలి, డబ్బా లోపలి పగులు అన్నీ దాంట్లోకి వచ్చాయి. తర్వాత సీను మొదటి నుంచీ పాట కింద పిల్ల ఏడుపు పరిచాను. కంగ్టిలో పట్టిన ఏడుపు వాడుకోవడానికి నాకు మనసొప్పలేదు. సినిమాలో కూతురుగా వేసిన పిల్ల చేతే ఏడిపించి తీసుకున్నాను. పాట మోగుతున్నంతసేపూ ఆ ఏడుపు ఉంటుంది గానీ వినబడదు. ఓడ పైకి పోయినకొద్దీ పాట పలచబడుతుంది. డప్పు పోతుంది, మాటలు పోతాయి, కీచు పోతుంది. అప్పుడు, కింద చేనులో, ఆ ఏడుపు ఒక్కటే మిగులుతుంది. చంద్రుడి మీద సంగీతమే పెట్టలేదు. నీలవ్వ ఊపిరి, పార చప్పుడు. ఒకే ఒక్కచోట ఆమె తవ్వుతూ తవ్వుతూ అదే పాట కూనిరాగం తీస్తుంది.

రెండో ప్రదర్శన ఉగాది తర్వాత పెట్టాం. చెరుక్కు పోయినవాళ్ళు తిరిగి వచ్చేశారు. అదే హాలు, అవే షామియానా బట్టలు. మొదటిసారి నవ్విన వాళ్ళు వచ్చారు, మొన్నమొన్నే బండి దిగినవాళ్ళూ వచ్చారు. శరణమ్మ రెండో వరసలోనే కూర్చుంది. అనసూయ మాత్రం కూర్చోకుండా తలుపు పక్కన నిలబడింది.

నీలవ్వ సంచి నెత్తిన పెట్టుకోగానే పాట మొదలైంది. వెనక నుంచి ఒక కుర్రాడు ఈల వేశాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.  ప్రవీణ్ నా వైపు చూడలేదు, కళ్ళు మూసుకున్నాడు. నీలవ్వ మెట్లెక్కింది. పెంక సర్దుకుంది. పాట మోగుతూనే ఉంది. ఈసారి ఆ నవ్వు ముందుకు సాగలేదు. ఎవరో "ష్" అన్నారు. ముందు వరసలో ఉన్న ఒకాయన చేతులు కట్టుకుని తల దించుకున్నాడు. ఓడ లేచింది, దుమ్ము లేచింది, కన్ను గొట్టినోడు ఆకాశంలోకి పోయి పోయి సన్నబడ్డాడు. ఏడుపు బయటపడింది.

హాల్లో ఫ్యాన్ల చప్పుడు వినబడింది నాకు. ఆ తర్వాత సినిమా అయిపోయేదాకా ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సిన చోట్ల కూడా నవ్వలేదు, దానికి ప్రవీణ్ తర్వాత కొంచెం బాధపడ్డాడు.

అయిపోయాక జనం మాట్లాడకుండా చెప్పులు వెతుక్కున్నారు. శరణమ్మ లేచి మెల్లగా తలుపు దగ్గరకు వచ్చింది. కూతురి ఎదురుగా నిలబడి, ఆమె మొహంలోకి చూసింది. నేను అక్కడే వైర్లు చుడుతున్నాను.

"నువ్వు గిట్ల ఏడ్చేదానివా బిడ్డా?" అంది.

అనసూయ కళ్ళలోంచి నీళ్ళు చెంపల మీదికి జారాయి.

"నాకు ఎన్నడు ఇనవడలే. పాట మోత గదా" అంది శరణమ్మ.

"ఇనవడితే దిగుతుంటివి గదా అవ్వా" అంది అనసూయ.

"దిగుతుంటి" అంది శరణమ్మ. అని, గీతలు పడిన ఆ చేతులతో కూతురి చెంపలు తుడిచింది. నేను వైర్ల మీదికి వంగి ఏడ్చేశాను. సిగ్గేముంది, చెప్పడానికి?

బయట ఆటో దగ్గర ప్రవీణ్ నసుగుతూ, "టీచరమ్మా, మరి కథ..." అన్నాడు. "ఉంచుకో తమ్మీ" అని ఆమె తల్లి పక్కన ఎక్కి కూర్చుంది.

ఆ సినిమా తర్వాత మరి కొందరు కొత్త దర్శకులు నా మెట్లెక్కారు. వచ్చినవాళ్ళందరూ ఈ సీనుకు ఏం సంగీతం పెడితే బాగుంటుందని అడుగుతారు. నేను వాళ్ళను ఇంకోటి అడుగుతాను. ఈ సీనులో ఉన్నవాళ్ళు ఎవరి గొంతు తమకు వినబడకూడదు అనుకుంటున్నారు? అది చెప్పగలిగితే పని సగం అయినట్టే. అది ఊళ్ళో జరిగే కథైనా, చంద్రుడి మీద జరిగే కథైనా. బరాత్ పాటలు ఇప్పటికీ చేస్తున్నాను, డబ్బాలు పగిలేటట్టే చేస్తున్నాను. దీపావళి వెళ్ళాక ఎరువుల దుకాణం ముందు నుంచి చెరుకు బళ్ళు నా పాటలతోనే పోతుంటాయి. కిటికీ మూసుకుని పని చేసుకోవచ్చు. నేను మూయను. పాట మలుపు తిరిగి పూర్తిగా పోయేదాకా నిలబడి వింటాను.